ఆ పని చేసిందెవరు?

నా చేతికి ఏ కాపీ, అంటే విలేకరి రాసి పంపిన వార్త, వచ్చినా మొదట వెతికేది కర్తని. ఎవరు చేశారు, ఎవరికి చేశారు, ఈ సంగతి మనకి చెప్పిందెవరు. ఈ మూడూ దొరికాకే హెడ్డింగు, అచ్చుతప్పులు, మిగతావన్నీ. మాసపత్రిక నడిపినంతకాలం ఇదే పద్ధతి. ఇప్పుడు ఆ బాధ్యత లేదు. పొద్దున్నే పేపర్లన్నీ ముందేసుకుని తీరిగ్గా కూర్చుంటాను. కళ్లు మాత్రం అదే వెతుకుతాయి. చాలా వార్తల్లో దొరకదు.

తెలుగులో కర్త లేకుండానే వాక్యం హాయిగా నడుస్తుంది. "వచ్చారు, తిన్నారు, వెళ్లారు" అంటే చాలు, ఇంట్లో వాళ్లకి ఎవరి గురించో తెలిసిపోతుంది. పేపరు చదివేవాడికి అలా తెలియదు. "పేదల గుడిసెలు తొలగించారు" అని రాస్తే వాడికి ఏం అర్థం కావాలి? మున్సిపాలిటీ వాళ్లు తొలగించారా, రెవెన్యూ వాళ్లా, పక్కన వెంచర్ వేసిన ఆసామి మనుషులా? నోటీసు ఎవరి సంతకంతో వచ్చింది? అసలు వచ్చిందా? ఆ వాక్యంలో వ్యాకరణ దోషం ఒక్కటీ లేదు. వార్త కూడా లేదు.

నాకు ఈ పట్టుదల నేర్పింది పెద్ద ఎడిటర్లెవరూ కాదు, ఒక కంపోజిటర్. విజయవాడ గవర్నర్‌పేటలో సీసం అక్షరాలతో నడిచే ప్రెస్సు. నేను కుర్ర సబ్ ఎడిటర్ని. ఆయన అక్షరాల అరల ముందు నిలబడి, నా కాగితం పక్కన పెట్టుకుని, ఒక్కో అక్షరం ఏరి, వత్తులు విడిగా వెతికి పేర్చేవాడు. అలా పేర్చేవాడికి వాక్యం మన కన్నా నెమ్మదిగా, పూర్తిగా అందుతుంది. ఒకరోజు రిక్షా కార్మికుడిని కొట్టిన వార్త ఇచ్చాను. కాసేపటికి అక్షరాలు పేర్చిన పళ్లెం పక్కన పెట్టి నా బల్ల దగ్గరికొచ్చాడు. "బాబూ, దెబ్బలు తిన్నాయన పేరు ఉంది, ఊరు ఉంది, వయసు కూడా ఉంది. కొట్టినాయన పేరు మ్యాటర్లో రాలేదు" అన్నాడు. ఆయన తప్పు పట్టడానికి రాలేదు, కాగితం ఒకటి మిస్సయిందేమోనని అడగడానికి వచ్చాడు. పేరు లేకపోవడమే ఆ వార్త తయారైన తీరు అని ఆయనకి తట్టలేదు. నాకు ఆ క్షణం దాకా అది వింతగా అనిపించలేదు. అందరూ అలాగే రాసేవాళ్లు.

మా పత్రికలో జిల్లాల కోసం రెండు పేజీలు ఉండేవి. ఒక మండలం నుంచి కాపీ వచ్చింది. "గ్రామంలో స్వల్ప ఉద్రిక్తత చోటుచేసుకుంది. ఇరువర్గాల మధ్య వాగ్వాదం జరగగా పలువురికి గాయాలయ్యాయి. పోలీసులు రంగప్రవేశం చేయడంతో పరిస్థితి అదుపులోకి వచ్చింది." ఎప్పుడైనా ఈ వరసలో క్రియలన్నీ విడిగా రాసి చూడండి. చోటుచేసుకుంది, జరిగింది, అయ్యాయి, వచ్చింది. ఉద్రిక్తత తనంతట తానే వచ్చింది, గాయాలు వాటంతటవే అయ్యాయి. మొత్తం మీద పని చేసినవాళ్లు పోలీసులు ఒక్కరే.

కాపీ పంపిన అబ్బాయికి ఫోన్ చేశాను. అతనికి అంతా తెలుసు. దళితవాడకి నీళ్లు వెళ్లే వాల్వును ఒక పెద్దమనిషి మనుషులు మూసేశారు. ఎందుకు మూశారని అడగడానికి ఆడవాళ్లు వెళ్లారు. వాళ్లని కర్రలతో కొట్టారు. ముగ్గురు ప్రభుత్వాసుపత్రిలో ఉన్నారు. కొట్టినవాళ్ల పేర్లు, వాళ్ల పార్టీ, వాల్వు ఏ రోజు మూశారో కూడా చెప్పాడు. మరి ఇదంతా ఎందుకు రాయలేదయ్యా అంటే, "రేపు నేను ఆ ఊరి సెంటర్లోనే బస్సెక్కాలి సార్" అన్నాడు.

ఆ మాటకి నా దగ్గర సమాధానం లేదు. కానీ వార్త మాత్రం అలా వేయలేదు. ఆసుపత్రిలో చేర్చుకున్న వివరాలు, ఎఫ్ఐఆర్ కాపీ తెప్పించాం. ఆ పెద్దమనిషికి మేమే ఫోన్ చేసి ఆయన చెప్పింది రాసుకున్నాం. "వాల్వు ఎందుకు మూశారని అడగడానికి వెళ్లిన దళిత మహిళలను ఫలానా ఆయన మనుషులు కర్రలతో కొట్టారని ఫిర్యాదు అందింది. ముగ్గురు ఆసుపత్రిలో ఉన్నారు. తమవాళ్లు ఎవరినీ కొట్టలేదని ఆయన అన్నారు." ఇంతే. కింద మా పత్రిక పేరే వేశాం, ఆ అబ్బాయి పేరు వేయలేదు. మూడు లైన్ల కాపీకి రెండు రోజులు పట్టింది. కర్తని రాయాలంటే పని ఉంటుంది. రుజువు కావాలి, రెండోవైపు మాట కావాలి, రేపు కోర్టుకి వెళ్తే నిలబడేది కావాలి. "ఉద్రిక్తత చోటుచేసుకుంది" అని రాయడానికి ఇవేవీ అక్కర్లేదు. అందుకే అది అంత బాగా అలవాటైపోయింది.

నీళ్ల దగ్గర మొదలైన గొడవ ఎక్కడిదాకా వెళ్తుందో మన రాష్ట్రానికి తెలియనిది కాదు. ప్రకాశం జిల్లా కారంచేడులో 1985 జూలై 17న ఆరుగురు మాదిగలను చంపారు. అది మంచినీళ్ల చెరువు దగ్గర మొదలైంది. 1991 ఆగస్టు 6న గుంటూరు జిల్లా చుండూరులో ఎనిమిది మంది దళితులను చంపారు. ఒక వైపు వాళ్లే చంపి, ఒక వైపు వాళ్లే చచ్చిపోయిన చోట "ఇరువర్గాల ఘర్షణ" అని రాయడానికి వీల్లేదు. చుండూరు కేసులో ఆ ఊళ్లోనే ప్రత్యేక కోర్టు పెట్టారు. 2007లో 21 మందికి యావజ్జీవం పడింది. 2014లో హైకోర్టు నిందితులందరినీ విడిచిపెట్టింది. చంపిందెవరో ఆ తీర్పులో కూడా మిగల్లేదు. ఇలాంటి చోట మొదటి రోజు, మొదటి గంటలో అక్కడికెళ్లిన విలేకరి రాసుకున్న నోట్సుకి ఎంత విలువ ఉంటుందో ఆలోచించండి.

తర్వాతది, చెప్పిందెవరు అన్న ప్రశ్న. "తెలుస్తోంది", "సమాచారం", "విశ్వసనీయ వర్గాల భోగట్టా". రాజకీయ వార్తల్లో ఈ మూడూ తీసేస్తే చాలా పేజీలు ఖాళీ అవుతాయి. పేరు చెబితే ఉద్యోగం పోయే మనిషి మనకి నిజం చెప్పినప్పుడు ఆ పేరు దాచాలి, అది మన ధర్మం. కానీ మంత్రి పేషీలో కూర్చుని, పక్క మంత్రి మీద పుకారు వదిలే మనిషికి అదే ముసుగు కప్పుతున్నాం. పాఠకుడికి రెండూ ఒకేలా కనిపిస్తాయి. మా డెస్కులో ఒక నియమం పెట్టుకున్నాం: పేరు దాస్తే, ఎందుకు దాస్తున్నామో అదే వాక్యంలో చెప్పాలి. ఈ ఒక్క నియమంతో వచ్చిన కాపీల్లో సగం వెనక్కి వెళ్లిపోయేవి.

ఎన్‌కౌంటర్ వార్తలది ఇంకో కథ. "ఎదురుకాల్పుల్లో ముగ్గురు మృతి" అని పోలీసుల ప్రకటనని పోలీసుల ప్రకటన అని చెప్పకుండా మన సొంత మాటగా వేసేస్తాం. ఇలాంటి ప్రతి మరణంపైనా ఎఫ్ఐఆర్ నమోదు చేయాలని, విడిగా దర్యాప్తు జరగాలని సుప్రీంకోర్టు 2014లో మార్గదర్శకాలు ఇచ్చింది. అంటే ఏం జరిగిందో ఇంకా తేలాలని చట్టమే చెబుతోంది. తేలిపోయిందని హెడ్డింగులో మనం ఎలా రాస్తాం? "పోలీసులు చెప్పారు" అన్న రెండు మాటలు చేర్చండి. ఏ పార్టీ అధికారంలో ఉన్నా చేర్చండి.

భాష గురించి నా అభిప్రాయం అడిగే వాళ్లు చాలామంది ఒకటే సమాధానం ఆశిస్తారు. ఇంగ్లీషు మాటలు ఎక్కువైపోయాయి, తెలుగు చచ్చిపోతోంది అని నేను బాధపడాలని. నాకు బస్సు, ఆసుపత్రి, టెన్షన్ లాంటి మాటలతో పేచీ లేదు. జనం నోట్లో ఉన్నది పేపర్లో ఉంటుంది. గిడుగు రామమూర్తి పంతులు పోరాడింది దానికోసమే. పర్లాకిమిడిలో ఉండి సవరలనే గిరిజనుల భాష నేర్చుకుని, ఆ పిల్లలకి వాళ్ల మాటల్లోనే చదువు చెప్పించాలని తాపత్రయపడ్డ మనిషి ఆయన. 1919లో "తెలుగు" అని పత్రిక కూడా నడిపారు. 1930ల్లో తాపీ ధర్మారావు "జనవాణి"లో వాడుక భాషతో పత్రిక నడిపి చూపించారు. ఆగస్టు 29న గిడుగు ఫొటోకి దండ వేసి మైకుల ముందు గ్రాంథికంలో ప్రసంగించే సభలకి నేను వెళ్లడం మానేశాను. ఆయన అడిగింది మర్యాద కాదు, చదువుకోని ఇంటి నుంచి వచ్చినవాడికి కూడా కాగితం మీద ఉన్నది అర్థం కావాలని.

అర్థం కాకుండా ఉండాలని రాసే తెలుగు ఎలా ఉంటుందో చూడాలంటే జిల్లా ఎడిషన్ చివరి పేజీల్లో భూసేకరణ నోటిఫికేషన్ తెరవండి. 2013 చట్టం ప్రకారం ప్రాథమిక నోటిఫికేషన్ని ఆ ప్రాంతంలో చదివే రెండు దినపత్రికల్లో వేయాలి. అందులో ఒకటి ప్రాంతీయ భాషలో ఉండాలి. అభ్యంతరాలు చెప్పుకోవడానికి 60 రోజులు. చట్టం బాగానే ఉంది. కానీ పేపర్లో వచ్చేది ఇలా ఉంటుంది: "ఇందుమూలముగా సంబంధిత వ్యక్తులందరికీ తెలియజేయడమేమనగా, దిగువ షెడ్యూలులో పేర్కొనబడిన భూములు ప్రజా ప్రయోజనము నిమిత్తము అవసరమైయున్నందున..." కింద చీమల బారులా సర్వే నంబర్లు. ఎకరాలు, సెంట్లు, సరిహద్దులు. రైతుకి తెలిసింది తన పొలం పేరు, పక్క పొలం వాళ్ల పేరు. సర్వే నంబరు పాస్‌బుక్కులో ఉంటుంది, పాస్‌బుక్కు బ్యాంకులో ఉంటుంది. అరవై రోజులూ గడిచాక ఇంటికి మనిషొచ్చి చెబితే తెలుస్తుంది. చట్టం అడిగిన తెలుగు ప్రకటన వచ్చింది, యాడ్ బిల్లు చెల్లింది, పొలం యజమానికి మాత్రం కబురు అందలేదు.

ఆ ప్రకటన వేసిన పేపరే, అదే రోజు, అదే ఊరి పేజీలో నాలుగు మామూలు వాక్యాలు రాయొచ్చు. ఫలానా ఊళ్లో, ఫలానా చెరువు కింద భూములు కలెక్టర్ తీసుకోబోతున్నారు. ఫలానా పని కోసం. ఫలానా తేదీలోగా, ఫలానా ఆఫీసులో, కాగితం మీద అభ్యంతరం రాసి ఇవ్వాలి. దీనికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. మా పత్రిక నెలకోసారి వచ్చేది కాబట్టి మాకు సగం గడువు అయిపోయేది, అయినా వేసేవాళ్లం. దినపత్రికలకి ఆ ఇబ్బంది లేదు. యాడ్ పోతుందన్న భయం తప్ప ఇంకో అడ్డంకి నాకు కనపడలేదు.

మనకి అర్థమయ్యే మాట ఎదురుగా ఉంటే ఏం జరుగుతుందో నెల్లూరు జిల్లా దూబగుంట చెబుతుంది. 1990ల మొదట్లో అక్షరాస్యత తరగతులకి వెళ్లిన ఆడవాళ్లు తమ కాపురాల్లాంటి కాపురాల గురించే వాచకంలో చదివారు. సారా ఎవరు అమ్ముతున్నారు, ఎవరు అమ్మిస్తున్నారు, డబ్బు ఎవరికి పోతోంది అని అడిగారు. సారా దుకాణం మూయించారు. ఊరూరా పాకింది. తెలుగు పత్రికలు వాళ్ల మాటలని వాళ్ల మాటల్లాగే జిల్లా పేజీల్లో వేశాయి. 1993లో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. 1997లో సంపూర్ణ నిషేధం ఎత్తేశారు, అది వేరే సంగతి. మన పత్రికలు చేసిన పనుల్లో నేను గర్వంగా చెప్పుకునేది అదే.

తెలంగాణ మాట గురించి కూడా చెప్పాలి. కోస్తా జిల్లాల్లో పుట్టిన నాలాంటి వాళ్లు చాలాకాలం పత్రికా భాషకి తామే కొలత అనుకున్నారు. నైజాంలో తెలుగు కవులే లేరని ఒకరు రాస్తే, గోలకొండ పత్రిక నడిపిన సురవరం ప్రతాపరెడ్డి వాదనకి దిగలేదు. 1934లో 354 మంది కవుల పద్యాలతో గోలకొండ కవుల సంచిక తెచ్చారు. ఎడిటర్ ఇవ్వాల్సిన జవాబు అలా ఉండాలి. ఇదిగో పేరు, ఇదిగో పద్యం. కరీంనగర్ నుంచి వచ్చిన కథలో "వస్తున్న" అని ఉంటే "వస్తున్నాను" అని దిద్దే సబ్ ఎడిటర్లతో నేను గొడవపడేవాణ్ణి. ఆ మనిషి మాట మార్చాక ఆ మనిషి ఎక్కడ మిగులుతాడు?

ఇక ఇంగ్లీషు మీడియం. 2019లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సర్కారు బడులన్నిటినీ ఇంగ్లీషు మీడియం చేస్తూ జీవో ఇచ్చింది, 2020 ఏప్రిల్లో హైకోర్టు దాన్ని కొట్టేసింది. ఆ రోజుల్లో నాకు వచ్చిన వ్యాసాల్లో తల్లి భాష గొప్పతనం మీద రాసినవాళ్లలో చాలామంది పిల్లలు, మనవలు ఎప్పుడో ఇంగ్లీషులో చదివేసి బయటి దేశాల్లో ఉన్నారు. మొదటి తరగతి పిల్లకి తెలియని భాషలో లెక్కలు చెప్పడం తప్పని నేనూ నమ్ముతాను. కానీ నా పిల్లకి ఇంగ్లీషు కావాలనే కూలీ తల్లిని దోషిని చేసే హక్కు మనకి లేదు. ఉద్యోగం తెలుగులో దొరకదు, కోర్టు తీర్పు తెలుగులో రావడం అరుదు, జీవో తెలుగులో రావడం అరుదు. 1966లో అధికార భాషా చట్టం చేసుకున్నాం. దాన్ని అమలు చేయనిది ఆ తల్లి కాదు, సచివాలయం. వ్యాసం ఆ సచివాలయాన్ని అడుగుతూ రాయండి, వేసుకుంటాను అని వెనక్కి పంపేవాణ్ణి.

పత్రిక ఎవరిది అన్నది పాఠకుడు అడగాల్సిన ప్రశ్న. 1956 నాటి నిబంధనల కింద ప్రతి పత్రికా ఏటా ఫిబ్రవరి ముగిశాక వచ్చే మొదటి సంచికలో ఫారం-4 వేయాల్సి వచ్చేది. ప్రచురణకర్త, ముద్రాపకుడు, ఎడిటర్, యజమానులు, మూలధనంలో ఒక శాతం పైన వాటా ఉన్నవాళ్లు, అందరి పేర్లూ. చాలా పత్రికలు అది కనపడని మూలలో, కనపడని సైజులో వేసేవి. మేము విషయసూచిక పక్కనే వేసేవాళ్లం. ఏ పార్టీ పత్రిక ఆ పార్టీ వైపు రాస్తే నాకు అభ్యంతరం లేదు. మన దగ్గర పార్టీల పత్రికలకి గౌరవప్రదమైన చరిత్రే ఉంది, కమ్యూనిస్టు పత్రికలు మొదటి పేజీ పైన పేరు దగ్గరే ఎవరివో చెప్పుకున్నాయి. ఎవరివో చెప్పకుండా తటస్థం అని రాసుకోవడమే పాఠకుణ్ణి మోసం చేయడం.

2009 ఎన్నికల్లో ఆ మోసం రేటు కార్డు దాకా వెళ్లింది. అభ్యర్థి డబ్బు కట్టి రాయించుకున్నది వార్త అని అచ్చయింది. మన రాష్ట్రంలో వర్కింగ్ జర్నలిస్టుల యూనియనే ఈ సంగతి బయటపెట్టింది. పత్రికల నడతని చూసే ప్రెస్ కౌన్సిల్ పరంజయ్ గుహ ఠాకుర్తా, కె. శ్రీనివాస్ రెడ్డిలతో ఉపసంఘం వేసింది. వాళ్లు పేర్లతో సహా నివేదిక ఇస్తే, కౌన్సిల్ 2010లో పేర్లు లేని చిన్న నివేదిక బయటికిచ్చింది. పూర్తి నివేదిక బయటికి రావడానికి 2011లో సమాచార కమిషన్ ఆదేశం కావాల్సి వచ్చింది. పత్రికల తప్పుల మీద పత్రికల పెద్దలు రాసిన కాగితంలో కూడా కర్తని తీసేశారు. ఇన్నేళ్లైనా నాకు అది మింగుడుపడదు.

ప్రభుత్వాలు ఇంకో దారిలో వస్తాయి. 2007లో ఒక జీవో, 2019లో ఇంకో జీవో, రెండూ వార్తల మీద కేసులు పెట్టే అధికారం అధికారులకి ఇస్తూ వచ్చినవే. అసెంబ్లీలో అటు కూర్చున్నప్పుడు పత్రికాస్వేచ్ఛ అన్నవాళ్లు ఇటు మారగానే మాట మార్చడం నేను అన్ని పార్టీల్లోనూ చూశాను.

ఇదంతా రాసి, తప్పంతా మండలంలో ఉన్న కంట్రిబ్యూటర్ మీద వేస్తే అన్యాయం. "రేపు అక్కడే బస్సెక్కాలి సార్" అన్న అబ్బాయికి నెల జీతం లేదు. వార్తకింత అని లైన్ల లెక్కన ఇచ్చేది టీ ఖర్చుకి సరిపోదు. పైగా సంక్రాంతికి, పత్రిక వార్షికోత్సవానికి యాడ్ టార్గెట్. ఆ యాడ్ ఇచ్చేది ఎవరు? వాల్వు మూయించిన పెద్దమనిషే. ఆ అబ్బాయి కర్తని ఎలా రాస్తాడు?

యూనియన్ల మహాసభల తీర్మానాలు చదువుతుంటాను. ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు (అక్రెడిటేషన్) కార్డులు, ఆరోగ్య కార్డులు, ఇళ్ల స్థలాలు. హైదరాబాద్‌లో ప్రజాప్రతినిధులతో, జడ్జీలతో కలిపి జర్నలిస్టులకి ఇచ్చిన స్థలాల జీవోలని సుప్రీంకోర్టు 2024 నవంబర్లో కొట్టేసింది. ప్రభుత్వం చేతి నుంచి ప్లాటు తీసుకుని ఆ ప్రభుత్వం గురించి రాయడం ఎలాంటి ఇరకాటమో మనవాళ్లకి తెలియదని నేననుకోను. మన డిమాండ్లు ప్రభుత్వం ముందు పెట్టడం తేలిక, యాజమాన్యం ముందు పెట్టడం కష్టం. మండల విలేకరికి నెల జీతం, వార్త రాసే మనిషికి యాడ్ టార్గెట్ లేకపోవడం, వార్త మీద కేసు పడితే లాయర్ ఫీజు యాజమాన్యమే కట్టడం. వచ్చే మహాసభలో ఈ మూడూ తీర్మానంలో మొదట రావాలని జిల్లా నాయకులకి ఉత్తరం రాశాను. జవాబిచ్చిన ఇద్దరితో ఈ వారం మాట్లాడబోతున్నాను.